కోత లేని శవపరీక్ష: మన వాకిటికి వచ్చేదెప్పుడు?

2022 వేసవిలో ఒక ఆదివారం, మా మక్తబ్‌లో చదువుకుని వెళ్లిన కుర్రాడొకడు స్నేహితులతో కలిసి సముద్రానికి వెళ్లాడు. నెల్లూరు తీరం సంగతి ఈ పేజీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మైపాడులోనైనా, ఇస్కపల్లిలోనైనా ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం శాంతంగానే కనిపిస్తుంది. నడుము లోతు దాటాక కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. మరునాడు జొహర్ వేళకు జాలర్లు ఆ బిడ్డ శవాన్ని ఒడ్డుకు చేర్చారు. పోలీసులు వచ్చి పంచనామా రాసి ఆసుపత్రికి తరలించేసరికి అసర్ దాటింది. మార్చురీ దగ్గర మాకు దొరికిన జవాబు ఒక్కటే: "ఇవాళ కాదు, రేపు పొద్దున రండి."

ఆ తండ్రి మా దగ్గరకు వచ్చి రెండే మాటలు అడిగాడు. "హజ్రత్, వాడి ఒళ్లు కోయకుండా ఇప్పించలేరా? ఇషాలోగా మట్టి ఇచ్చుకోలేమా?" ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్న మా దగ్గర ఆ రెండు ప్రశ్నలకూ జవాబు లేకపోయింది. సబర్ చేయమని చెప్పాము. సబర్ చేయమనడం సులువే. మార్చురీ మెట్ల మీద తెల్లవార్లూ కూర్చోవడమే కష్టం.

ఆ రాత్రి తర్వాత మేము ఈ విషయం గురించి తెలిసిన వైద్యులను అడిగాము, వకీళ్లను అడిగాము, ఫిఖహ్ గ్రంథాలు మళ్లీ తిరగేశాము. ఇటీవలి సంవత్సరాల్లో వైద్యశాస్త్రంలో ఈ దిశగా జరిగిన పరిశోధనలను కూడా చదివాము. ఆ తండ్రి అడిగిన రెండు ప్రశ్నలూ ప్రపంచంలో చాలామంది తండ్రులు అడిగినవేనని, వాటికి జవాబులు కొంతవరకు సిద్ధమయ్యాయని అప్పుడు తెలిసింది. అయితే ఆ జవాబులు మన వాకిటి దాకా రాలేదు. ఆ సంగతులే ఈ వారం పాఠకుల ముందుంచుతున్నాము.

ధర్మశాస్త్రం ఏమంటోంది?

మనలో చాలామందికి పోస్టుమార్టం అనగానే గుండె గుభేలుమంటుంది. దానికి కారణం మూఢత్వం కాదు. ప్రాణం పోయినా మనిషి దేహానికి బతికున్నప్పటి గౌరవమే ఉంటుందన్న భావం గల హదీసు అబూ దావూద్, ఇబ్నెమాజా సంకలనాల్లో ఉంది. మయ్యిత్‌కు గుసుల్ చేయించేటప్పుడు నీళ్లు మరీ వేడిగా ఉండకూడదని, చేయి మెత్తగా తగలాలని మన పెద్దలు నేర్పారు. అలాంటి సమాజానికి కత్తి అంటే భయం ఉండటం సహజం.

అయితే అదే ధర్మశాస్త్రం మరో మాట కూడా చెబుతోంది. నిర్బంధ పరిస్థితి (జరూరత్) నిషిద్ధమైన దానికి దారి ఇస్తుంది. కానీ ఆ దారి అవసరం ఉన్నంత మేరకే. గర్భిణి చనిపోయి, కడుపులో బిడ్డ ప్రాణంతో ఉంటే, తల్లి కడుపు కోసి బిడ్డను తీయవచ్చని పూర్వకాలపు ఫుఖహాలు ఫత్వా ఇచ్చారు. బతికున్నవారి హక్కు కోసం మృతదేహంపై కత్తి పెట్టవలసి వస్తుందన్న సూత్రం అందులోనే ఉంది.

ఈ సూత్రం ఆధారంగానే సౌదీ అరేబియా పెద్ద ఉలమాల మండలి 1976లో నేర పరిశోధన కోసం, అంటువ్యాధుల నివారణ కోసం శవపరీక్షకు అనుమతినిచ్చింది. 1987లో మక్కాలో జరిగిన రాబితా ఆలమె ఇస్లామీ వారి ఫిఖహ్ మండలి పదో సమావేశం మరింత వివరంగా చెప్పింది. నేరం వల్ల జరిగిన మరణమా అని తేల్చడానికి, వ్యాధిని గుర్తించడానికి, వైద్యవిద్య బోధనకు శవపరీక్ష చేయవచ్చు. కానీ అవసరానికి మించి కోయకూడదు. స్త్రీ శవాన్ని స్త్రీ వైద్యురాలే పరీక్షించాలి. వైద్యురాలు దొరకనప్పుడే మినహాయింపు. కోసి తీసిన భాగాలన్నిటినీ ఖననం చేయాలి. మన దేశంలోని ముఫ్తీలలో పలువురు ఇంకా కఠినంగా ఉన్నారు. చట్టం బలవంతం చేసినప్పుడు తప్ప వారు ఒప్పుకోరు. ముఖ్యంగా వైద్య కళాశాలకు దేహదానం చేసే విషయంలో అభిప్రాయభేదం గట్టిగా ఉంది. ఆ భేదాన్ని ఇక్కడ తీర్చే అర్హత మాకు లేదు. కానీ ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట: ఎంత తక్కువ కోతతో పని జరిగితే అంత మేలు.

సరిగ్గా ఈ చోటే ఇప్పటి విజ్ఞానశాస్త్రం మన దగ్గరకు వచ్చి నిలబడింది.

యంత్రం చూసే శవపరీక్ష

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ డిర్న్‌హోఫర్, మైకేల్ థాలీ అనే ఫోరెన్సిక్ నిపుణులు 1990ల చివర ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. శవాన్ని కోయకుండా, సంచీలో ఉంచినట్లే ఉంచి, సీటీ స్కాన్ యంత్రంలోకి పంపి, లోపలి ఎముకలను, అవయవాలను బొమ్మలుగా తీసి చూడటమే ఆ ప్రయత్నం. దానికి వారు 'వర్టాప్సీ' అని పేరు పెట్టారు. విరిగిన ఎముక, దిగబడిన తూటా, పుర్రెలో రక్తస్రావం, ఛాతీలో గాలి చేరడం వంటివి ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి. కొన్నిటిని కత్తికంటే యంత్రమే బాగా చూపిస్తుంది. ఇంకో గొప్ప లాభం కూడా ఉంది. ఆ బొమ్మలు చెరిగిపోవు. మొదటి డాక్టరు రాసినదానిపై అనుమానం వస్తే, ఏళ్ల తర్వాతైనా మరో డాక్టరు వాటిని మళ్లీ చూడవచ్చు. సమాధిని తవ్వే అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఈ పద్ధతిని ఎంతవరకు నమ్మవచ్చు? ఇంగ్లండులోని మాంచెస్టర్, ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రుల్లో 182 శవాలకు ముందు స్కానింగులు చేసి, తర్వాత మామూలు శవపరీక్ష చేసి, రెండిటినీ పోల్చి చూశారు. ఫలితాలు 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సీటీ స్కాన్ చెప్పిన మరణ కారణం నూటికి 32 సందర్భాల్లో శవపరీక్ష చెప్పినదానితో పెద్దగా తేడా పడింది. అయితే "ఇక్కడ కోత అవసరం లేదు" అని రేడియాలజిస్టులు ధైర్యంగా చెప్పిన శవాలను మాత్రమే తీసుకుంటే ఆ తేడా 16 శాతానికి తగ్గింది. తప్పిపోయినవాటిలో గుండె రక్తనాళాల జబ్బు, ఊపిరితిత్తుల్లో రక్తపుగడ్డ, న్యుమోనియా వంటివి ముఖ్యమైనవి. ఆ లోటు తీర్చడానికి లీస్టర్ విశ్వవిద్యాలయం వారు గుండె రక్తనాళాల్లోకి రంగుమందు పంపి స్కాన్ చేశారు. 2017లో అదే పత్రికలో వచ్చిన వారి పరిశోధనలో 210 మందికి గాను 193 మంది మరణ కారణాన్ని, అంటే 92 శాతం మందిది, ఈ పద్ధతితో చెప్పగలిగారు.

ఇంగ్లండులో ఈ పద్ధతికి ఆదరణ రావడానికి ముస్లిముల, యూదుల కోరిక కూడా ఒక కారణమని మనం గుర్తుంచుకోవాలి. ఆ రెండు సమాజాలూ శవాన్ని త్వరగా, చెక్కుచెదరకుండా ఖననం చేయాలని కోరేవే. అడిగినవారికి దారి దొరికింది.

మన దేశానికీ ఈ విధానం వచ్చింది. ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిలో, భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో, 2021 మార్చిలో కోత లేని శవపరీక్ష కేంద్రం ప్రారంభమైంది. మామూలు శవపరీక్షకు రెండున్నర గంటలు పడితే దీనికి అరగంట చాలునని 2019లోనే కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. కానీ ఢిల్లీ ఎక్కడ, మన పెన్నా ఒడ్డు ఎక్కడ!

యంత్రం చెప్పలేనిది

పాఠకులకు తీపి మాటలు మాత్రమే చెప్పి పంపడం మాకు ఇష్టం లేదు. యంత్రానికి హద్దులున్నాయి. మన తీర ప్రాంతంలో అనుమానాస్పద మరణాలు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి నీళ్లలో మునిగి పోవడం, రెండోది పురుగుల మందు. ఈ రెండిటిలోనూ స్కాన్ ఒక్కటే చాలదు.

మునిగిపోయిన మనిషి ఊపిరితిత్తుల్లో, ముక్కు వెనుక గుల్లల్లో నీరు చేరినట్లు స్కాన్‌లో కనిపిస్తుంది. కానీ గుండె ఆగి చనిపోయినవారి ఊపిరితిత్తుల్లో కూడా నీరు చేరుతుంది. కనుక తలకు దెబ్బ లేదు, గొంతు నొక్కిన గుర్తు లేదు, విషం లేదు అని ఒక్కొక్కటీ తోసిపుచ్చిన తర్వాతే డాక్టరు "మునిగి చనిపోయాడు" అని రాయగలడు. డయాటములు అనే కంటికి కనపడని నీటి నాచు జాతి ఒకటుంది. దాని పెంకు ఇసుక వంటి పదార్థంతో ఏర్పడుతుంది. ఊపిరి ఉండగా నీళ్లలో పడినవారి రక్తంలోకి అది చేరి ఎముక మజ్జ దాకా పోతుంది. శవాన్ని తెచ్చి నీళ్లలో పడేస్తే అంత దూరం పోదు. అయితే ఆ పరీక్షనే తుది తీర్పుగా శాస్త్రవేత్తలందరూ ఒప్పుకోవడం లేదు. ఇక విషం సంగతికి వస్తే, కడుపులోని భాగాలను, రక్తాన్ని లేబొరేటరీకి పంపక తప్పదు. బొమ్మలో విషం కనిపించదు. చనిపోయాక దేహంలో సహజంగా పుట్టే వాయువును గాయమని పొరబడే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈ బొమ్మలు చదవడానికి ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టర్లు కావాలి.

ఈ రెండిటికీ మధ్యదారి ఒకటి ఉంది. పెద్ద కోత లేకుండా, సూదితో కాలేయం, ఊపిరితిత్తులు వంటి అవయవాల నుంచి చిటికెడు కండ తీసి పరీక్షించడం. బంగ్లాదేశ్, మాలీ వంటి ముస్లిములు అధికంగా ఉన్న దేశాల్లో సైతం పసిపిల్లలు ఎందుకు చనిపోతున్నారో తెలుసుకోవడానికి ఈ పద్ధతిని వాడుతున్నారు. తల్లిదండ్రులకు విషయం చెప్పి, వారు ఒప్పుకుంటేనే చేస్తున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూడా, మర్యాదగా అడిగి, తర్వాతి బిడ్డకు మేలని వివరిస్తే కాదనదు. అడగకుండా తీసుకుపోవడమే ఆమెకు సహించనిది.

చనిపోయినవారు బతికున్నవారికి చెప్పే మాట

"పోయినవాడు పోయాడు, కారణం తెలిసి ఏం లాభం?" అని మన ఇళ్లలో అంటుంటారు. లాభం ఉంది. 2020లో కరోనా వచ్చిన కొత్తలో అంటువ్యాధి భయంతో శవపరీక్షలు వద్దన్న మాట చాలా దేశాల్లో వినిపించింది. జర్మనీలోని హాంబర్గ్ నిపుణులు ఆ మాట వినక, తమ దగ్గరకు వచ్చిన మొదటి 12 శవాలను పరీక్షించారు. 7 మంది కాళ్ల రక్తనాళాల్లో ఎవరూ ఊహించని రక్తపుగడ్డలు కనిపించాయి. 4 మందిని చంపింది ఊపిరితిత్తుల్లో అడ్డుపడిన ఆ గడ్డలే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందుల మీద వైద్యులు దృష్టి పెట్టడానికి ఇలాంటి పరిశోధనలు తోడ్పడ్డాయి. ఎందరో బతికున్నవారికి ఆ పన్నెండు మంది మేలు చేసి వెళ్లారు.

మన దేశంలోనూ ఇటువంటిదే ఇంకొకటి జరిగింది. పాతికేళ్ల కుర్రవాడు ఆటలో కూలిపోయాడని, పెళ్లిలో నవ్వుతూ ఒరిగిపోయాడని వింటున్నాము. ఇదంతా కరోనా టీకా వల్లేనని జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల మీద కూడా మాట్లాడుకుంటున్నారు. భారత వైద్య పరిశోధన మండలి 47 పెద్ద ఆసుపత్రుల సహాయంతో 18 నుంచి 45 ఏళ్ల వయసువారి ఆకస్మిక మరణాలు 729 తీసుకుని పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించింది. టీకా ప్రమాదం పెంచలేదని తేలింది. ఇంట్లో మునుపు ఎవరైనా అకస్మాత్తుగా చనిపోయి ఉండటం, కరోనాతో ఆసుపత్రిలో చేరి ఉండటం, మితిమీరిన మద్యపానం, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతమైన శారీరక శ్రమ, ఇవే ప్రమాదం పెంచిన కారణాలు. ఆ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ వారు ఒక సంవత్సరం పాటు జరిగిన 2,214 శవపరీక్షలను పరిశీలించారు. అందులో ఆకస్మిక మరణాలు 180. వాటిలో 103 మంది యువకులే. వీరిలో ఎక్కువమందిని తీసుకుపోయింది గుండె జబ్బే. టీకాతో సంబంధం కనపడలేదు. ఈ పరిశోధనలో స్కానింగు, కత్తి, సూక్ష్మదర్శిని మూడూ కలిసి పనిచేశాయన్నది గమనార్హం.

దీనివల్ల మనకు ఒరిగేదేమిటి? అన్న అకస్మాత్తుగా చనిపోతే తమ్ముడు గుండె పరీక్ష చేయించుకోవాలన్న జ్ఞానం. కారణం తెలియకుండా మట్టి ఇస్తే, ఆ జ్ఞానం కూడా మట్టిలో కలిసిపోతుంది.

చట్టం ఎవరి పక్షం?

2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 194వ సెక్షను అనుమానాస్పద మరణాల గురించి చెబుతుంది. మరణ కారణంపై సందేహం ఉన్నప్పుడు పోలీసు అధికారి శవాన్ని పరీక్షకు పంపాలి. పెళ్లయి ఏడేళ్లు నిండని స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా, లేదా ఆమె బంధువులు కోరినా పంపాలి. పోలీసు కస్టడీలో ఎవరైనా చనిపోతే 196వ సెక్షను కింద మేజిస్ట్రేటు విచారణ జరగాలి. అలాంటి శవపరీక్షలను వీడియో తీయాలని జాతీయ మానవ హక్కుల సంఘం 1995లోనే ముఖ్యమంత్రులకు రాసింది.

ఇది చదివితే చట్టం ఎవరి కోసమో అర్థమవుతుంది. కొత్తకోడలు కోసం. లాకప్పులో పడిన పేదవాడి కోసం. పడవ మీద కూలికి పోయి తిరిగిరాని మనిషి కోసం. నోరులేనివారి పక్షాన ఆఖరిసారి మాట్లాడేది వారి దేహమే. మన ఇళ్లలో ఎప్పుడైనా ఒక ఆడబిడ్డ కాలిపోయి చనిపోతే "పరువు" పేరిట, "త్వరగా మట్టి ఇవ్వడం సున్నత్" అన్న పేరిట తొందరపడిన సందర్భాలు లేవా? గుండె మీద చేయి వేసుకుని చెప్పుకుందాం. త్వరగా ఖననం చేయమన్న బోధన మయ్యిత్ గౌరవం కోసం వచ్చింది. హంతకుడిని కాపాడటానికి రాలేదు.

మన రాష్ట్రం మరచిపోని ఒక ఉదంతం ఇక్కడ చెప్పాలి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టలులో ఒక ముస్లిమ్ ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. ఆ పేరు మనందరికీ తెలుసు, ఇక్కడ రాయము. 2010లో ఒక యువకుడికి శిక్ష పడింది. 2017 మార్చిలో హైకోర్టు అతడిని నిర్దోషిగా విడుదల చేసింది. 2018లో కేసు సి.బి.ఐ. చేతికి వెళ్లింది. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ బిడ్డ సమాధిని తవ్వి, అస్థికలకు మళ్లీ పరీక్ష జరిపారు. పన్నెండేళ్ల తర్వాత! సమాధి తవ్వడం ధర్మమా కాదా అని మనలో చర్చలు సాగాయి. ఆ చర్చ అవసరమే. కానీ అంతకంటే ముందు అడగవలసింది వేరే ఉంది. మొదటి రోజునే దేహమంతా స్కాన్ చేసి ఆ బొమ్మలు భద్రపరిచి ఉంటే, నమూనాలు సరిగ్గా దాచి ఉంటే, ఆ తల్లి రెండోసారి ఖబరస్తాన్‌లో నిలబడవలసి వచ్చేదా? స్కాన్ నేరస్థుడి పేరు చెప్పదు, నిజమే. కానీ మొదటిసారే పూర్తిగా, జాగ్రత్తగా చేసిన పరీక్ష రెండో పరీక్ష అవసరాన్ని తగ్గిస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు

ఆ తండ్రి రెండో ప్రశ్న ఇషాలోగా ఖననం గురించి. దీనికి జవాబు ఆ రాత్రికి ముందే వచ్చి ఉంది, మాకు తెలియదంతే. సూర్యాస్తమయం తర్వాత పోస్టుమార్టం చేయకూడదన్న బ్రిటిషు కాలపు ఆనవాయితీని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబరు 15న తొలగించింది. తగిన వెలుతురు, వసతులు ఉన్న ఆసుపత్రుల్లో రాత్రిపూట కూడా చేయవచ్చు. దాన్ని వీడియో తీయాలి. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవాలు, కుట్ర అనుమానం ఉన్న కేసులను మాత్రం, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, రాత్రి చేయరాదు. అనుమానం లేని ప్రమాద మరణాలకు దారి తెరుచుకుంది. కానీ "వసతులు ఉంటే" అన్న రెండు మాటల్లోనే చిక్కంతా ఉంది. మేము వెళ్లిన చోట ఆ వసతి లేదన్నారు. ఒక్క దీపాల వరస, ఒక్క డాక్టరు డ్యూటీ లేక ఒక తల్లి రాత్రంతా ఇంట్లో ఏడుస్తూ ఉండిపోయింది.

మన పిల్లలు చదవని చదువు

నెల్లూరులో ఇప్పుడు ప్రైవేటు వైద్య కళాశాల ఉంది, 2014లో ప్రారంభమైన ఏ.సి.సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మన ఆడపిల్లలు తెల్లకోటు వేసుకుని వెళుతుంటే చూసి సంతోషిస్తున్నాము. 2019 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన కొత్త వైద్య పాఠ్యప్రణాళికలో "మృతదేహమే మన తొలి గురువు" అన్న అర్థం వచ్చే పాఠం ఒకటి చేర్చారు. శరీర నిర్మాణ శాస్త్రం నేర్చుకునే ముందు, తమ ఎదుట ఉన్నది వస్తువు కాదు, ఒకప్పటి మనిషి అని విద్యార్థులకు గుర్తుచేయడం దాని ఉద్దేశ్యం. ఉపాధ్యాయులుగా మాకు ఆ పాఠం ఎంతో నచ్చింది. మార్చురీలో పనిచేసేవారందరికీ ఆ పాఠం అందితే, సగం ఫిర్యాదులు ఉండవు.

ఈ శాస్త్రం మనకు పరాయిది కూడా కాదు. 1200 ప్రాంతంలో ఈజిప్టులో భయంకరమైన కరువు వచ్చినప్పుడు, బాగ్దాదుకు చెందిన అబ్దుల్ లతీఫ్ గుట్టలుగా పడి ఉన్న అస్థిపంజరాలను పరిశీలించాడు. మనిషి కింది దవడ ఒకే ఎముక అని, రెండని రాసిన గ్రీకు పండితుడు గాలెన్ పొరబడ్డాడని నిర్ధారించాడు. 1288లో మరణించిన ఇబ్నె నఫీస్, గుండె నుంచి రక్తం ఊపిరితిత్తుల గుండా ప్రవహిస్తుందని యూరపు కంటే ముందే చెప్పాడు. షరీఅత్, దయ తనను శవాలను కోయకుండా ఆపాయని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన షాఫఈ ఫిఖహ్ పండితుడు కూడా. గౌరవం, జ్ఞానం రెండూ ఒకే మనసులో ఇమడగలవనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

అయినా మన పిల్లలు డాక్టరు అయ్యాక గుండె, కళ్లు, కాన్పులు అంటారు గాని, ఫోరెన్సిక్ వైద్యం తీసుకుంటామనే వారు అరుదు. "శవాల డాక్టరా?" అని తల్లిదండ్రులే ముఖం చిట్లిస్తారు. స్త్రీ శవాన్ని స్త్రీయే చూడాలని మనం కోరతాం. ఆ స్త్రీ ఎక్కడి నుంచి రావాలి? మన ఇళ్ల నుంచే కదా! మయ్యిత్‌కు గుసుల్ చేయించడం పుణ్యమని నేర్పిన మనం, మయ్యిత్‌కు న్యాయం చేయించడం కూడా పుణ్యమేనని నేర్పవద్దా?

చేయవలసినవి

ముందుగా మన ఇళ్లలో. అనుమానాస్పద మరణం సంభవిస్తే శవాన్ని దాచడం, పోలీసులతో తగువు పెట్టుకోవడం వద్దు. చదువుకున్న మనిషి ఒకరు వెంట ఉండి పంచనామా త్వరగా పూర్తయ్యేలా చూడాలి. మృతుడికి గుండె జబ్బు, మూర్ఛ, మందుల వాడకం ఉంటే డాక్టరుకు చెప్పాలి. అది తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది. రాత్రి పరీక్షకు 2021 నాటి అనుమతి ఉందని మర్యాదగా గుర్తుచేయాలి. స్త్రీ అయితే వైద్యురాలిని కోరాలి. కుట్లు సరిగ్గా వేసి, దేహం కప్పి ఇవ్వమని అడగాలి. రిపోర్టు కాపీ తప్పక తీసుకోవాలి. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షలు ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమాకైనా, మరే ప్రమాద బీమాకైనా ఆ కాగితమే ఆధారం. ఆ కాగితం లేక దిక్కు లేకుండా పోయిన వితంతువును మేము మా ఊళ్లోనే చూశాము. ఇక కుట్లు పడిన దేహానికి గుసుల్ ఎలా అని దిగులు పడనక్కరలేదు. మెల్లగా నీళ్లు పోస్తే చాలు. నీళ్లు తగలనివ్వలేని స్థితి అయితే తయమ్ముమ్ ఉంది. దీన్‌లో సులువు ఉంది.

తర్వాత ప్రభుత్వాన్ని కోరవలసినవి. వైద్య కళాశాల ఉన్న ప్రతి జిల్లాలో శవాల కోసం ఒక సీటీ స్కాన్, దాన్ని చదవగల డాక్టర్లు. తీర ప్రాంత మార్చురీల్లో రాత్రి పరీక్షకు వెలుతురు, సిబ్బంది. మార్చురీ పక్కనే స్నానం చేయించడానికి నీళ్లు, గోడ చాటు. ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో తెలుగులో, ఉర్దూలో రాసిన ఒక కాగితం. ఇవి మనకోసం మాత్రమే కాదు. పట్టపుపాలెంలో వల వేసే తల్లికి కూడా తన బిడ్డ దేహం అంతే ముద్దు. మన హిందూ, క్రైస్తవ సోదరులను కలుపుకుని అడిగితే ఈ కోరిక బలపడుతుంది. ఎన్నికల వేళ ఖబరస్తాన్ ప్రహరీ గోడ అడిగినట్లే, ఇదీ అడగాలి.

ఆ కుర్రాడికి మరునాడు జొహర్ తర్వాత జనాజా నమాజు చేశాము. తండ్రి మట్టి వేసి, చేతులు దులుపుకుని మా వైపు చూశాడు. ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగితే జవాబు చెప్పగలము: "భాయ్, కోత లేని దారి ఉంది, కొంతవరకే ఉంది, ఇంకా మన దగ్గరకు రాలేదు. రాత్రి దారి కూడా ఉంది, దీపం పెట్టేవారు కావాలి." మరో తండ్రి ఆ మెట్ల మీద తెల్లవార్లూ కూర్చోకముందే ఆ దీపం వెలగాలి. పోయినవారికి అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఉన్నవారికి వారి హక్కు నిలబెట్టే శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.